వైరల్ న్యుమోనియా తగ్గి ఇంటికొచ్చాక ఊపిరితిత్తుల రిహాబ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసీయూలోనో ఆక్సిజన్ వార్డులోనో రోజుల తరబడి ఉండి డిశ్చార్జ్ అయినవాళ్ళు, వాళ్ళని కనిపెట్టుకుని ఉండే ఇంట్లోవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. నేను ఛెస్ట్ ఫిజియోథెరపిస్టుని. కోవిడ్, ఫ్లూ, ఏ వైరస్సో తేలని న్యుమోనియాలు, వీటన్నిటి తర్వాత మనుషుల్ని మళ్ళీ నడిపించడమే నా రోజువారీ పని. మీ డాక్టర్ మీ స్కాన్ చూశారు, నేను చూడలేదు, కాబట్టి ఇక్కడ రాసినదానికీ ఆయన చెప్పినదానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

రిపోర్టులన్నీ పర్లేదంటున్నారు, మరి ఒక్క అంతస్తు ఎక్కితే ఇంత ఆయాసం ఎందుకొస్తోంది?

ఎక్కువమంది అడిగేది ఇదే, అందుకే దీనికి కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను. ఆయాసం అనగానే అందరం ఛాతీ మీద చెయ్యి వేసుకుంటాం, కానీ సీరియస్ జబ్బు తర్వాత వచ్చే ఆయాసంలో పెద్ద వాటా తొడల్లోంచి వస్తుంది. 2013లో ఒక స్టడీలో ఐసీయూలో ఉన్నవాళ్ళ తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలుచుకుంటూ పోయారు, పది రోజులయ్యేసరికి దాదాపు 18 శాతం కరిగిపోయి ఉంది. పది రోజులకే అంత. ఇక మూడు నాలుగు వారాలు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

కండరం బలహీనంగా ఉంటే ఏమవుతుందంటే, చిన్న పనికే దాని శక్తి అయిపోయి లాక్టిక్ ఆసిడ్ తయారవడం మొదలవుతుంది, అది రక్తంలోకి రాగానే మెదడు ఊపిరి వేగం పెంచేస్తుంది, మీకేమో లంగ్స్ పాడైపోయాయేమో అనిపిస్తుంది. దానికి భయం తోడై ఇంకా వేగంగా పీలుస్తారు, కాసేపటికి కూర్చుండిపోతారు, మర్నాడు అసలు మెట్ల జోలికే వెళ్ళరు, కండరం ఇంకాస్త తగ్గుతుంది. ఈ గొలుసు తెంచడమే రిహాబ్ పని.

కెనడాలో ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు రెండూ వాచి, నీరు చేరి, ఆక్సిజన్ అందకుండా పోయే సీరియస్ స్థితి) నుంచి బతికి బయటపడ్డవాళ్ళని ఏళ్ళ తరబడి ఫాలో అయ్యారు, 2003లో మొదటి ఏడాది ఫలితాలు వచ్చాయి. ఊపిరితిత్తుల్లో పట్టే గాలి పరిమాణం ఆరు నెలలకల్లా చాలామందిలో దాదాపు మామూలుకొచ్చేసింది, కానీ ఏడాది తర్వాత కూడా వాళ్ళు ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం ఆ వయసుకి ఉండాల్సినదాంట్లో 66 శాతమే. వాళ్ళు చెప్పిన ప్రధాన కారణం కండరాలు పోవడం, నీరసం. అంటే ఊపిరితిత్తులు ముందు కోలుకున్నాయి, కాళ్ళే వెనకబడిపోయాయి.

అలాగని ప్రతి ఆయాసమూ కండరాలదే అనుకోకండి. గుండె, రక్తం గడ్డలు, రక్తహీనత, లంగ్స్‌లో మిగిలిపోయిన వాపు, ఇవేవీ లేవని డాక్టర్ తేల్చాకే నేను చెప్పేది వర్తిస్తుంది.

రిహాబ్ అంటే బ్రీతింగ్ ఎక్సర్‌సైజులేనా?

కాదండీ. బ్రీతింగ్ అందులో చిన్న భాగం. అసలు భాగం నడక, కాళ్ళూ చేతుల బలం. దాంతోపాటు ఆయాసాన్ని ఎలా అదుపు చెయ్యాలి, కఫం ఎలా తియ్యాలి, తిండి, నిద్ర, మనసు, మందులు ఎలా వాడాలి, ఇవన్నీ కలిపితే రిహాబ్. మామూలుగా 6 నుంచి 12 వారాలు, వారానికి రెండు మూడు సెషన్లు, మిగతా రోజుల్లో ఇంట్లో మీరే చేసుకోవాలి.

2003లో సార్స్ వచ్చినప్పుడు హాంకాంగ్‌లో కోలుకున్నవాళ్ళకి 6 వారాల వ్యాయామం ఇచ్చి చూశారు, నడక దూరం, కండరాల బలం రెండూ పెరిగాయి. కోవిడ్ వచ్చేనాటికే ఈ దారి తెలుసు, కానీ డిశ్చార్జ్ పేపర్ మీద దీని గురించి ఒక్క లైను కూడా లేకుండా ఇంటికొచ్చినవాళ్ళు ఎంతమందో, నాకు బాధ కలిగేది అక్కడే.

మూడు బంతుల పరికరం ఇచ్చి ఊదమన్నారు, రోజుకి ఎన్నిసార్లు ఊదాలి?

ముందు ఒక మాట, అది ఊదేది కాదు, పీల్చేది. ఒకాయన డిశ్చార్జ్ అయిన మూడు వారాలకి నా దగ్గరికొచ్చి సంచీలోంచి ఆ పరికరం తీసి, గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నారు, బంతి ఒక్కటి కూడా కదల్లేదు, ఆయన కళ్ళల్లో నీళ్ళు. 'మూడు వారాలుగా రోజుకి గంట చేస్తున్నానమ్మా, ఒక్క బంతి కూడా లేవట్లేదు, నా లంగ్స్ పోయినట్టేనా' అన్నారు. పీల్చి చూడమన్నాను, రెండు బంతులు లేచాయి. ఆయన్ని నేను తప్పు పట్టను, వాడే విధానం ఒక్కసారి చేసి చూపించినవాళ్ళు లేరు.

సరిగ్గా చేసే పద్ధతి: నిటారుగా కూర్చుని, ముందు గాలి మామూలుగా వదిలేసి, పెదాలు గొట్టం చుట్టూ గట్టిగా మూసి, మెల్లగా లోతుగా పీల్చండి. గబుక్కున లాగితే మూడు బంతులూ ఎగురుతాయి గానీ గాలి లంగ్స్ అడుక్కి చేరదు. ఒక్క బంతే అయినా పైన రెండు మూడు సెకన్లు నిలబెట్టగలిగితే అదే మంచిది. అయిదు నుంచి పది సార్లు, మధ్యలో విరామం ఇస్తూ చెయ్యండి, తల తిరిగితే ఆపెయ్యండి. దీని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మంచం మీద ఉన్న రోజుల్లో దీనికి కొంత ఉపయోగం ఉండొచ్చు, లేచి తిరగగలిగాక దీని మీద పెట్టే అరగంట నడక మీద పెట్టడం మేలు. నడిస్తే లోతైన శ్వాస దానంతటదే వస్తుంది.

బెలూన్లు ఊదితే లంగ్స్ బలపడతాయంటున్నారు?

వద్దు. జబ్బుపడ్డ లంగ్స్‌లో పొర పలచబడి ఉండొచ్చు, బలంగా ఊదితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, గాలి లీకయ్యే ప్రమాదం ఉంటుంది. ముఖ్యంగా న్యుమోథొరాక్స్ (లంగ్ నుంచి గాలి లీకై ఛాతీలో చేరడం) అయినవాళ్ళు అస్సలు చెయ్యొద్దు.

ఎప్పుడు మొదలెట్టాలి? పూర్తిగా రెస్ట్ తీసుకుని బలం వచ్చాక మొదలెడితే బాగుంటుంది కదా?

రెస్ట్ తీసుకుంటే బలం రాదు, ఉన్నది పోతుంది. జ్వరం తగ్గి, కూర్చున్నప్పుడు ఆక్సిజన్ నిలకడగా ఉండి, గుండె వేగం అదుపులో ఉంటే హాస్పిటల్లోనే మొదలెడతాం, మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోవడం కూడా వ్యాయామమే ఆ స్టేజిలో. ఇంటికొచ్చాక డాక్టర్ సరే అనగానే మొదలెట్టండి.

ఆగాల్సినవాళ్ళు కూడా ఉన్నారు. కొత్తగా ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే ముందు గుండె పరీక్షలు చేయించుకోవాలి. వైరస్ వల్ల గుండె కండరానికి వాపు వచ్చిందని చెప్పి ఉంటే మూడు నుంచి ఆరు నెలల దాకా బరువైన వ్యాయామాలు, ఆటలు మానమంటారు, అది గట్టిగా పాటించండి, అక్కడ తొందరపడితే ప్రాణం మీదకొస్తుంది.

సరే, ఇంట్లో మొదటి వారం ఖచ్చితంగా ఏం చెయ్యమంటారు?

ఒక కుర్చీ, ఒక వాచీ, ఒక నోట్‌బుక్ చాలు.

చేతులున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి, వెనక్కి జారకుండా. అందులోంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం, ఇదే మీ మొదటి ఎక్సర్‌సైజ్. మొదట చేతులతో తోసుకుని లేవండి, తప్పేం లేదు. లేచేటప్పుడు గాలి వదలండి, కూర్చునేటప్పుడు పీల్చండి, ఈ ఒక్కటి అలవాటైతే సగం ఆయాసం తగ్గుతుంది, ఎందుకంటే చాలామంది తెలీకుండానే లేచేటప్పుడు ఊపిరి బిగబట్టేస్తారు. కూర్చునేటప్పుడు ధబాల్న పడిపోకుండా మెల్లగా కూర్చోవాలి, తొడలకి అసలు పని అక్కడే పడుతుంది. మొదటిరోజు మూడుసార్లే చెయ్యగలిగారా, మూడు అని నోట్‌బుక్‌లో రాయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

తర్వాత నడక. చదునైన చోట మీకు హాయిగా అనిపించే దూరంలో సగమే నడవండి, రెండు నిమిషాలైనా పర్లేదు, కానీ రోజుకి మూడు నాలుగుసార్లు. ఒకేసారి ఇరవై నిమిషాలు నడిచి మంచానపడేకంటే ముక్కలు ముక్కలుగా నడిచింది ఎక్కువ పనిచేస్తుంది. రెండు మూడు రోజులు ఇబ్బంది లేకుండా గడిస్తే ఒక నిమిషం పెంచండి.

ఎంత కష్టంగా ఉండాలి అంటారా, దానికి గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ సైకాలజిస్ట్ తయారుచేసిన స్కేల్ వాడతాం. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే అంతకు మించి భరించలేను అన్నంత. మొదటి వారాల్లో మూడు దగ్గర ఉండండి, నాలుగు దాటొద్దు. లెక్కలు గుర్తుండకపోతే ఇంకో గుర్తు, నడుస్తూ ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. రెండు మాటలకే తెగిపోతుంటే వేగం తగ్గించండి. మీరు పాట పాడగలుగుతుంటే కాస్త పెంచొచ్చు.

చేతుల్ని మర్చిపోకండి. తల దువ్వుకోవడం, బట్టలు ఆరేయడం లాంటి చేతులు పైకెత్తే పనులకి ఆయాసం రావడం చాలామందికి వింతగా ఉంటుంది, ఊపిరికి సాయం చేసే మెడ, భుజాల కండరాలు అప్పుడు రెండు పనులు చెయ్యాల్సొస్తుంది కదా, అందుకే. అర లీటర్ నీళ్ళ సీసాతో మొదలెట్టి మోచేయి వంచడం, పక్కకి ఎత్తడం చాలు.

ఆక్సీమీటర్‌లో ఎంతకి తగ్గితే ఆపాలి?

మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 95 నుంచి 100. రిహాబ్ ప్రోగ్రాముల్లో వ్యాయామం చేసేటప్పుడు సాధారణంగా 88 కిందకి పోనివ్వం, ఇంట్లో మా పర్యవేక్షణ లేకుండా చేసేవాళ్ళని మాత్రం నేను 90 దగ్గరే ఆగమంటాను. మీ డాక్టర్ మీకంటూ వేరే అంకె ఇచ్చి ఉంటే అదే మీ గీత, పాత లంగ్ జబ్బు ఉన్నవాళ్ళకి అది వేరుగా ఉంటుంది.

అంకె ఒక్కటే కాదు, పడిపోవడం కూడా ముఖ్యం. కూర్చుంటే 97, నాలుగు నిమిషాలు నడిస్తే 92, ఇందులో రెండు అంకెలూ చూడ్డానికి పర్లేదనిపిస్తాయి గానీ అయిదు పాయింట్లు పడిపోయిందంటే అది డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం. కూర్చోబెట్టి మాత్రమే చూసి బాగుంది అనేస్తే ఈ సంగతి బయటపడదు, అందుకే నడిపించి చూడాలి.

చూసే విధానంలో తప్పులు చాలా చేస్తాం. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. గోరు రంగు ఉంటే తీసెయ్యండి. చెయ్యి ఊపుతూ చూడొద్దు, అంకె నిలకడగా వచ్చేదాకా అర నిమిషం పైగా ఆగండి. నడక ఆపాక కూడా కాసేపు చూస్తూ ఉండండి, అంకె కొంచెం ఆలస్యంగా పడుతుంది. ఇంకొకటి, చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్ళలో ఈ పరికరం ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో వచ్చిన పరిశీలనలో తేలింది. కాబట్టి అంకె బాగుంది కానీ మనిషి బాలేడు అనిపిస్తే మనిషినే నమ్మండి.

రోజంతా వేలికి పెట్టుకుని కూర్చునేవాళ్ళకి ఒక మాట. ఒకావిడ రాత్రి రెండింటికి, మూడింటికి లేచి మరీ చూసుకునేవారు, 94 కనిపిస్తే ఇక నిద్ర పట్టేది కాదు. పొద్దున, సాయంత్రం, నడక ముందు, నడక తర్వాత, అంతే అని రాసిచ్చాను. మిగతా టైమ్ పరికరం సొరుగులో. వారం రోజులకే నిద్ర కుదురుకుంది.

వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాల్సిన లక్షణాలు ఏవి?

కూర్చున్నా తగ్గని ఆయాసం, లేదా ఉన్నట్టుండి పెరిగిన ఆయాసం. ఊపిరి పీలిస్తే గుచ్చుకునే ఛాతీ నొప్పి. ఛాతీ పిండేసినట్టుండటం. దగ్గులో రక్తం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం. పెదాలు నీలంగా మారడం. తికమకగా మాట్లాడటం, స్పృహ తప్పడం. విశ్రాంతిలోనే ఆక్సిజన్ 92కి గానీ అంతకంటే కిందకి గానీ పడి అలాగే ఉండటం. సీరియస్ వైరల్ జబ్బు తర్వాత రక్తం గడ్డకట్టే స్వభావం కొన్ని వారాలు ఎక్కువగా ఉంటుంది, ఆ గడ్డ లంగ్స్‌లోకి వెళ్తే ఇలాగే మొదలవుతుంది, రేపు చూద్దాం అనుకోకండి.

నడుస్తుంటే మధ్యలో ఆయాసం వచ్చేస్తే ఏం చెయ్యాలి?

ఆగండి, ముందుకి వంగండి. కూర్చునే చోటుంటే మోచేతులు తొడల మీద ఆనించి, భుజాలు వదులుగా వదిలేసి కూర్చోండి. లేకపోతే గోడకి వీపు ఆనించి, పాదాలు గోడకి ఒక అడుగు ముందుకు పెట్టి కొంచెం ముందుకి వంగి నిలబడండి. ముక్కుతో మెల్లగా పీల్చి, వేడి టీ ఊదుకుంటున్నట్టు పెదాలు గుండ్రంగా పెట్టి వదలండి, పీల్చినదానికి రెట్టింపు సేపు. బలంగా తొయ్యొద్దు, అదే పోతుంది. ఎక్కువమంది పీల్చడం మీద దృష్టి పెడతారు, లోపల పాత గాలి ఉండగా కొత్తది ఎక్కడ పడుతుంది, ముందు వదలాలి.

లంగ్స్ గట్టిపడ్డవాళ్ళకి మాత్రం ఊపిరి సహజంగానే పొట్టిగా, వేగంగా ఉంటుంది. లోతుగా పీల్చమని వాళ్ళని బలవంతం చేస్తే దగ్గు ముంచుకొస్తుంది. వాళ్ళు ఆగడం, వంగడం, ఫ్యాన్ గాలి మొహం మీద పడేలా కూర్చోవడం చేస్తే చాలు. మొహానికి చల్లగాలి తగిలితే ఆయాసం తగ్గినట్టనిపించడం నిజంగానే జరుగుతుంది, అది భ్రమ కాదు.

ఇంటికి ఆక్సిజన్ ఇచ్చారు. వాడితే అలవాటైపోయి ఇక వదలలేమంటున్నారు, నిజమేనా?

నిజం కాదు. ఆక్సిజన్‌కి శరీరం బానిస అవ్వదు. అవసరమున్నంతకాలం వాడటం, అవసరం తీరాక డాక్టర్ కొలిచి తగ్గించడం, అంతే. అలవాటైపోతుందన్న భయంతో గొట్టం తీసేసి నడిచేవాళ్ళని చూశాను, 82కి పడిపోయి గుండె నిమిషానికి నూట నలభై కొట్టుకుంటుంది, కండరాలకి ఏ లాభమూ లేదు. ఆక్సిజన్ పెట్టుకుని పదిహేను నిమిషాలు నడవగలిగితే అది లేకుండా మూడు నిమిషాలు నడవడంకంటే ఎంతో మంచిది.

ఫ్లో మాత్రం మీ అంతట మీరు పెంచొద్దు, పాత సీఓపీడీ (గాలి గొట్టాలు సన్నబడే దీర్ఘకాలపు లంగ్ జబ్బు) ఉన్నవాళ్ళకి ఎక్కువైనా ప్రమాదమే. ఆక్సిజన్ ఉన్న గదిలో సిగరెట్, అగ్గిపుల్ల, స్టౌ మంట ఏదీ ఉండకూడదు. మొహానికి జిడ్డు క్రీములు, పెట్రోలియం జెల్లీ రాయొద్దు, ముక్కు ఎండిపోతుంటే నీటి ఆధారిత జెల్ అడిగి తీసుకోండి. గొట్టం కాలికి చుట్టుకుని పడిపోయినవాళ్ళు చాలామంది, దాన్ని ఒక పక్కగా వేసుకోండి.

స్కాన్ రిపోర్ట్‌లో ఫైబ్రోసిస్ (లంగ్స్‌లో మచ్చ కట్టడం) అని రాశారు. ఇక అంతేనా?

ఆ మాట చదివి రాత్రంతా ఇంటర్నెట్‌లో వెతికి, ఇడియోపతిక్ ఫైబ్రోసిస్ (కారణం తెలియకుండా వచ్చేది) గురించి రాసినవన్నీ తనకే అనుకుని వచ్చేవాళ్ళని చూస్తుంటాను. అది వేరు, ఇది వేరు. అది ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయే జబ్బు. వైరల్ న్యుమోనియా తర్వాత కనిపించే గీతల్లో, మచ్చల్లో చాలావరకు ఇంకా మానుతున్న పుండు లాంటివి, నెలలు గడిచేకొద్దీ పలచబడతాయి. అందుకే మొదటి నెల స్కాన్ చూసి తీర్పు చెప్పకూడదు, దాదాపు 12 వారాలప్పుడు మళ్ళీ ఎక్స్‌రే చూసి, అవసరమైతే స్కాన్, పీఎఫ్‌టీ (ఊది చేసే లంగ్స్ పనితీరు పరీక్ష), గ్యాస్ ట్రాన్స్‌ఫర్ పరీక్ష (లంగ్స్ నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చూసేది) చేస్తారు. కొంతమందికి నిజంగానే మచ్చ మిగిలిపోతుంది, దాన్ని దాచిపెట్టను, ముఖ్యంగా వయసు పైబడ్డవాళ్ళకి, చాలారోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి. వాళ్ళకి కూడా రిహాబ్ పనిచేస్తుంది, మచ్చని కరిగించి కాదు, మిగిలిన లంగ్ తెచ్చే ఆక్సిజన్‌ని కండరాలు పొదుపుగా వాడుకునేలా చేసి.

ఒకరోజు బాగుందని ఇల్లంతా సర్దేశాను, రెండోరోజు మంచం దిగలేకపోయాను. ఇంకా గట్టిగా ఎక్సర్‌సైజ్ చెయ్యాలా?

వద్దు, ఇక్కడ మాత్రం ఆగండి. పైన కాళ్ళు, బలం అని అంత చెప్పాను గానీ మీది వేరే కేసు కావొచ్చు. పని చేసిన 12 నుంచి 48 గంటల తర్వాత నీరసం, ఒళ్ళునొప్పులు, బుర్ర మొద్దుబారడం ముంచుకొచ్చి రోజుల తరబడి ఉంటుంటే, దాన్ని ఎక్సర్షన్ తర్వాతి క్రాష్ అంటారు. కోవిడ్ తర్వాత ఇది చాలామందిలో కనిపించింది. వీళ్ళకి వారవారం పెంచుకుంటూ పోయే వ్యాయామం ఇస్తే ఇంకా దిగజారతారు. బద్ధకం అనీ మనసులో భయం అనీ కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు, అది అన్యాయం.

వీళ్ళకి పేసింగ్ కావాలి. వారం రోజులు ఏ పని చేశారు, మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉంది రాసుకోండి. క్రాష్ రాని గీత ఎక్కడుందో దొరుకుతుంది, దానికి లోపలే ఉండండి, బాగున్న రోజున కూడా. స్నానం కూర్చుని చెయ్యండి, కూరగాయలు కూర్చుని తరగండి, బరువైన పనులు రెండు ఒకే పూట పెట్టుకోవద్దు, అలిసిపోకముందే విశ్రాంతి తీసుకోండి. గీత నిలకడగా ఉన్నాకే పెంచే ఆలోచన, అది కూడా తెలిసినవాళ్ళ సలహాతో.

కఫం పట్టేసింది, దగ్గి దగ్గి డొక్కలు నొప్పెడుతున్నాయి.

గట్టిగా దగ్గడం మానేసి హఫ్ నేర్చుకోండి. అద్దం మీద ఆవిరి పట్టించడానికి నోరు తెరిచి హా అని వదులుతాం చూడండి, అదే. నాలుగైదు మామూలు శ్వాసలు, తర్వాత మూడు లోతైన శ్వాసలు లోపల రెండు మూడు సెకన్లు ఆపుతూ, మళ్ళీ మామూలు శ్వాసలు, అప్పుడు ఒకటి రెండు హఫ్‌లు. కఫం పైకొచ్చిందనిపిస్తేనే దగ్గండి. కఫమే లేని పొడి దగ్గుకి ఇదంతా వద్దు, దగ్గొచ్చినప్పుడు గుటక వెయ్యడం, నీళ్ళు కొంచెం కొంచెం తాగడం, ముక్కుతో ఊపిరి తీసుకోవడం మేలు. కఫం రంగు పచ్చగా మారి జ్వరం వస్తే డాక్టర్‌కి చూపించండి.

ఇంట్లో కూడా బోర్లా పడుకోవాలా?

జబ్బు ముదిరి ఆక్సిజన్ పడిపోతున్నప్పుడు అది ఉపయోగపడింది. కోలుకునే దశలో దాని అవసరం సాధారణంగా ఉండదు, మీకు హాయిగా ఉన్నట్టు పడుకోండి, తల వైపు కొంచెం ఎత్తు పెట్టుకుంటే చాలామందికి సుఖంగా ఉంటుంది.

స్టెరాయిడ్లు ఇంకా వాడుతున్నాను, వ్యాయామానికి అడ్డమా?

అడ్డం కాదు గానీ తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఎక్కువ రోజులు వాడితే అవే తొడలు, పిరుదుల కండరాల్ని కరిగిస్తాయి, షుగర్ పెంచుతాయి. అలాగని ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం, శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారుచేసుకోవడం మర్చిపోయి ఉంటుంది, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే తగ్గించాలి. ఇంకొకటి, నెలల తర్వాత గజ్జల్లోనో తుంటిలోనో నొప్పి మొదలై నడిస్తే ఎక్కువవుతుంటే కండరాల నొప్పిలే అని ఎక్సర్‌సైజ్ పెంచొద్దు. తుంటి ఎముకకి రక్తప్రసరణ తగ్గే జబ్బు స్టెరాయిడ్ వాడినవాళ్ళలో వస్తుంది, మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ అడగాల్సొస్తుంది.

తిండి?

కండరం కట్టాలంటే ప్రోటీన్ కావాలి, కోలుకునేవాళ్ళకి సాధారణంగా ఒంటి బరువు కిలోకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు చెప్తారు, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగండి. పొట్ట నిండా ఒకేసారి తింటే డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం) కిందకి దిగడానికి చోటుండదు, ఆయాసం వస్తుంది, అందుకని తక్కువ తక్కువగా ఎక్కువసార్లు తినండి. తిన్న వెంటనే వ్యాయామం వద్దు, గంట గంటన్నర ఆగండి.

వెంటిలేటర్ తీశాక గొంతు బొంగురుపోయింది, నీళ్ళు తాగితే పొలమారుతోంది.

గొట్టం ఉన్నందుకు స్వరపేటిక, మింగే కండరాలు దెబ్బతింటాయి, చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. పొలమారడం ఉంటే మింగే పరీక్ష చేయించుకునేదాకా నిటారుగా కూర్చుని, చిన్న గుక్కలు మాత్రమే తాగండి, లేకపోతే ఆ నీళ్ళే లంగ్స్‌లోకి వెళ్ళి మళ్ళీ న్యుమోనియా తెస్తాయి. నెల దాటినా గొంతు రాకపోతే ఈఎన్‌టీకి చూపించండి.

దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి: ఇంటికొచ్చాక కొన్ని వారాలకో నెలలకో, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గొంతు దగ్గర కూత లాంటి శబ్దం మొదలైతే, ఆయాసం రోజురోజుకీ పెరుగుతుంటే, గొట్టం పెట్టిన చోట శ్వాసనాళం సన్నబడుతుండొచ్చు. దీన్ని ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు వాడుతూ వారాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. వెంటిలేటర్ మీద ఉన్నానని ప్రతి డాక్టర్‌కీ మీరే నోరు తెరిచి చెప్పండి.

రాత్రిళ్ళు ఐసీయూ కలలు వస్తున్నాయి, ఏదీ గుర్తుండట్లేదు. పిచ్చెక్కుతోందా?

లేదండీ. ఐసీయూ నుంచి వచ్చినవాళ్ళలో ఇది ఎంత మామూలంటే దీనికి 2010లో ఒక పేరే పెట్టారు, పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని. పీడకలలు, ఉలిక్కిపడటం, మతిమరుపు, ఏడుపు, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం. ఆ రోజుల్లో ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా గుర్తుంటుంది, మధ్యలో ఖాళీల్ని భయం నింపేస్తుంది. ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చుని, ఫలానా రోజు గొట్టం వేశారు, ఫలానా రోజు నువ్వు కళ్ళు తెరిచావు అని వరసగా చెప్తే చాలామందికి ఊరట దొరుకుతుంది. చనిపోవాలనిపించడం లాంటి ఆలోచనలుంటే ఆ రోజే ఎవరికైనా చెప్పండి, సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఐసీయూ బయట రోజుల తరబడి కూర్చున్న ఇంట్లోవాళ్ళకీ ఇవే లక్షణాలు రావచ్చు, వాళ్ళనీ ఎవరో ఒకరు అడగాలి.

రిహాబ్ సెంటర్ చాలా దూరం. వీడియోలో చేస్తే పనిచేస్తుందా?

చేస్తుంది, చూసే మనిషి అవతల ఉంటే. బ్రిటన్‌లో కోవిడ్‌తో హాస్పిటల్లో ఉండి వచ్చిన 585 మందితో ఒక ట్రయల్ చేశారు, 2024లో ఫలితాలొచ్చాయి. 8 వారాల పాటు ఆన్‌లైన్‌లో లైవ్‌గా గ్రూపులో వ్యాయామం, మానసిక మద్దతు ఇచ్చినవాళ్ళ జీవన నాణ్యత, ఒక్కసారి సలహా ఇచ్చి పంపించినవాళ్ళకంటే మెరుగైంది. కానీ నడిస్తే ఆక్సిజన్ పడిపోయేవాళ్ళు, పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళు మొదటి పరీక్ష ఎలాగైనా ముఖాముఖి చేయించుకోండి.

మెరుగవుతున్నానని ఎలా తెలుస్తుంది?

మేం ఆరు నిమిషాల నడక పరీక్ష చేస్తాం, 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ. మొదటిసారికంటే 30 మీటర్లు పెరిగితే అది లెక్కలోకొచ్చే మెరుగుదల. ఇంట్లో అయితే నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో రెండు వారాలకొకసారి రాయండి. రోజూ పోల్చుకోకండి, రోజుకీ రోజుకీ పడుతూ లేస్తూ ఉంటుంది.

ఉద్యోగానికి, జిమ్‌కి ఎప్పుడు వెళ్ళొచ్చు?

కూర్చుని చేసే పనైతే సగం పూటతో మొదలెట్టి చూడొచ్చు, బరువులెత్తే పనైతే ఆ పనిలో ఉండే కదలికల్ని ముందు రిహాబ్‌లో చేసి చూడాలి. జిమ్ విషయంలో, అరగంట వేగంగా నడిచినా మర్నాడు మామూలుగా ఉండగలిగితే అప్పుడు ఆలోచించండి, జబ్బుకి ముందు ఎత్తిన బరువులు మర్చిపోయి కొత్తగా చేరినవాళ్ళలా మొదలెట్టండి.

సిగరెట్, టీకాలు?

సిగరెట్ పూర్తిగా ఆపండి, తగ్గించడం కాదు. ఫ్లూ టీకా ఏడాదికోసారి, న్యుమోకాకల్ టీకా, కోవిడ్ టీకా మీకు ఎప్పుడెప్పుడు అవసరమో డాక్టర్‌ని అడిగి వేయించుకోండి, స్టెరాయిడ్లు నడుస్తుంటే ఆ సంగతి చెప్పండి.

మా నాన్నగారు కుర్చీలోంచి లేవనంటున్నారు, బతిమాలితే కోప్పడుతున్నారు. మేం ఏం చెయ్యాలి?

ఆ కోపం వెనక చాలాసార్లు భయం ఉంటుంది, లేస్తే ఊపిరి అందదేమోనని. లేవండి లేవండి అని పైన నిలబడి చెప్పకండి, పక్కన ఇంకో కుర్చీ వేసుకుని మీరూ కూర్చోండి. సీటు మీద గట్టి దిండొకటి వేసి ఎత్తు పెంచండి, నాలుగు అంగుళాలు పెరిగితే లేవడం సగం తేలికవుతుంది. చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం దెబ్బతింటుంది, ఆయనకి అవమానంగానూ ఉంటుంది. ముందుకి జరిగి, పాదాలు మోకాళ్ళ కిందకి లాక్కుని, ముక్కు కాలివేళ్ళ మీదకి వచ్చేంత వంగి, గాలి వదులుతూ లేవమని చెప్పి, మీరు కూడా ఆయనతోపాటే లేవండి. లేచాక నిలబడ్డ చోటే పది అంకెలు లెక్కపెట్టి కూర్చోవచ్చు అని ముందే మాటివ్వండి, ఆ మాట తప్పకండి, ఇంకొక్కసారి నాన్నా అని సాగదీస్తే రేపు నమ్మరు.

ఒకింట్లో ఇలాగే చేశారు. నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఆయన కూతురి అక్షరాలతో 'కుర్చీ 1, దిండుతో' అని ఉంది. అయిదో వారంలో చేతిరాత మారింది, ఆయనే రాసుకుంటున్నారు: 'కుర్చీ 11, దిండు తీసేశాం.'